కమలం బిళ్ళలు

అమ్మ సంవత్సరీకం అయిన మర్నాడు వదిన అటక మీద సామానంతా దింపించమంది. పైవాటా అద్దెకివ్వాలట. అన్నయ్యకి మోకాళ్ళ నొప్పులు, పిల్లలకి ఫోన్లు. నా రైలు సాయంత్రం. నిచ్చెన నేనే ఎక్కాను.

రాచిప్ప ఒకటి, మూతల్లేని జాడీలు మూడు, నాన్న కొట్టు తాలూకు కాటా పళ్ళేలు. వాటి వెనక గోడకి ఆనుకుని ఓ డాల్డా డబ్బా. పసుపు రంగు మీది పచ్చని చెట్టుబొమ్మని సగం తుప్పు తినేసింది. ఒంటిచేత్తో లాగితే కదల్లేదు, అంత బరువు. కిందికి దింపి, మూతని చెంచా కాడతో ఎగదన్నేసరికి వాసన గుప్పుమంది.

ఇత్తడి, పసుపు, ఎప్పటిదో కర్పూరం. వాటన్నిటి అడుగునా ఇంకో వాసన. రోజంతా చిల్లర లెక్కపెట్టిన అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుంటే వస్తుందే, అది. ఉత్త లోహానికి ఆ వాసన ఉండదట. మన చర్మం మీది జిడ్డు లోహాన్ని తాకినప్పుడు పుట్టే వాసనట. అంటే అది బిళ్ళల వాసన కాదు, వాటిని పట్టుకున్న చేతులది.

డబ్బాలో ఉన్నవన్నీ ఇరవై పైసల బిళ్ళలే. పచ్చగా, గుండ్రంగా, మధ్యలో తామరపువ్వుతో. మా ఇంట్లో వాటి పేరు కమలం బిళ్ళలు.

నేను నాణేలు పోగెయ్యడం మొదలుపెట్టి యాభై ఏళ్ళు దాటింది. హైదరాబాదు ఇంట్లో బీరువా నిండా ఉన్నాయి. వాటిలో చాలా వాటికి పక్కనే చిన్న చీటీ మీద ఎక్కడ కొన్నానో, ఎంతకి కొన్నానో రాసి ఉంటుంది. కానీ ఈ బొమ్మల బిళ్ళల విషయంలో మాత్రం నా బుద్ధి ఎన్నిసార్లు అటు పొర్లి ఇటు పొర్లిందో తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. చిన్నప్పుడు వాటికోసం ప్రాణం పెట్టాను. నడివయసులో వాటి పేరెత్తితే మొహం చిట్లించాను. ఇప్పుడు అటక కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని, రైలు టైమవుతోందని వదిన మూడుసార్లు చెప్పినా లేవలేకపోయాను.

*

నాన్నది తెనాలిలో కిరాణా కొట్టు. రాత్రి తొమ్మిదింటికి తలుపు చెక్కలు ఒక్కొక్కటే గాడిలో దించి, ఇనపకమ్మీ అడ్డం వేసి, గల్లాపెట్టె తెచ్చి చాప మీద బోర్లించేవారు. ఆ చప్పుడు వినగానే నేనూ అన్నయ్యా పుస్తకాలు మూసేసేవాళ్ళం. చిల్లర ఏరడం మా పని.

ఇప్పటి పిల్లలకి చెప్పినా నమ్మరు గానీ, కళ్ళు మూసుకుని ఏ బిళ్ళ ఎంతో చెప్పేవాళ్ళం. పైసా నలుచదరం. రెండు పైసలకి పూరేకుల అంచు. మూడు పైసలకి ఆరు మూలలు. అయిదు పైసలది మూలలు నున్నగా తిప్పిన చదరం. పది పైసలకి మళ్ళీ రేకుల అంచు, కాకపోతే పెద్దది. ఇవన్నీ సత్తు బిళ్ళలు, దూదిలా తేలిక. చాప మీద పడితే చప్పుడు కూడా చచ్చు చప్పుడే. పాత నికెల్ రూపాయి అలా కాదు, గచ్చు మీద ఖంగుమనేది. నాన్న మా వైపు చూసేవారు కాదు, పద్దు రాసుకుంటూ చెవితో లెక్క చూసుకునేవారు. "ఒరేయ్, అర్ధరూపాయి ఒకటి మంచం కిందకి దొర్లింది చూడు" అనేవారు తలెత్తకుండా. దొర్లింది అర్ధరూపాయే అయ్యేది.

ఆయన నోట్లో అణాలు అప్పటికీ పోలేదు. 1957లో రూపాయికి నూరు నయాపైసలు చేశాక, అణా అంటే ఆరుంబావు అయింది. ఆ 'పావు' ఎవరికి నష్టమన్న దాని మీద కొట్లో జరిగిన తగువుల గురించి కథలుగా చెప్పేవారు. పావలా, అర్ధరూపాయి, ముప్పావలా అన్న మాటలు మాత్రం పైసల్లోకీ అలాగే వచ్చేశాయి. అణా లేకపోయినా 'పదహారణాల' మాట పోలేదు కదా, అలాగే.

మామూలు బిళ్ళ మీద ఒకపక్క మూడు సింహాలు, ఇంకోపక్క అంకె. అంతే. బొమ్మ ఉన్న బిళ్ళ కనిపిస్తే అది విశేషం. నెహ్రూ పోయిన 1964లో ఆయన తలతో రూపాయి, అర్ధరూపాయి వేశారు. స్వతంత్రం వచ్చాక ఒక మనిషి బొమ్మతో వేసిన మొదటి బిళ్ళలు అవే. అర్ధరూపాయిలో ఒక రకం మీద పేరు ఇంగ్లీషులో ఉంటుంది, ఇంకో రకం మీద హిందీలో. ఈ తేడా కనిపెట్టింది నేనేనని చాలాకాలం అనుకున్నాను. తర్వాత 1969లో గాంధీ శతజయంతికి ఇరవై పైసల నుంచి పది రూపాయల దాకా వేశారు. పది రూపాయలది వెండి. అది మా గల్లాలోకి ఎందుకొస్తుంది?

ఆ తర్వాత ఇంచుమించు ఏటా ఒకటి. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ పేరుతో వేసినవి. 'అధిక్ అన్న్ ఉగావో' అని 1973 అర్ధరూపాయి మీద, కుటుంబ నియంత్రణ నినాదం 1974 పది పైసల మీద, 'వికాస్ కే లియే బచత్' 1977లో. బడిలో హిందీ మాస్టారు ఎన్ని బెత్తాలు విరగ్గొట్టినా రాని గుణింతం నాకు ఈ బిళ్ళల మీద వచ్చింది. 'ఉగావో' అంటే ఏమిటని నాన్ననడిగితే, "పండించమంటున్నారు" అన్నారు. బియ్యం బస్తా మీద కూర్చుని ఉన్నారు అప్పుడు. "పండించేవాడికి ఈ అర్ధరూపాయి చేరితేగా" అని కూడా అన్నారు. అదెందుకు అన్నారో అప్పుడు అర్థం కాలేదు.

బొమ్మ బిళ్ళలు దాచుకోవడానికి నాన్న ఒక్క షరతు పెట్టారు. ఏది తీసుకున్నా దానికి మారు బిళ్ళ గల్లాలో వెయ్యాలి. పది పైసల బొమ్మకి పది పైసలు. మారు బిళ్ళ కోసం నేను ఐస్‌ఫ్రూట్లు మానేశాను, పెద్దమ్మ ఇంటికి వెళ్ళి కావాలని కాళ్ళు పట్టాను, ఒకసారి గాంధీ రూపాయి కోసం వారం రోజులు పొట్లాలు కట్టాను. ఆ రూపాయి ఇప్పటికీ ఉంది. అరిగిపోయి గాంధీగారి ముఖం సరిగ్గా కనపడదు.

*

రేడియో బాగుచేసే ఆయన దగ్గర అన్నయ్య ఒక పాత స్పీకరు అయస్కాంతం సంపాదించాడు. దానికి తాడు కట్టుకుని, విజయవాడ వెళ్ళే రైల్లో కృష్ణ దాటుతున్నప్పుడు జనం విసిరే చిల్లర పట్టొచ్చని వాడి పథకం. వంతెన కింద బెస్తపిల్లలు అదే పని చేస్తుంటారని ఎవరో చెప్పారట. మేం వంతెన దాకా వెళ్ళలేదు, వెళ్తే నాన్న వీపు చిట్లగొట్టేవారు. ఇంట్లోనే గల్లా మీద ప్రయోగం చేశాం.

నెహ్రూ రూపాయి టక్కున అంటుకుంది. గాంధీ రూపాయీ అంటుకుంది. కొత్తగా వస్తున్న రూపాయి మాత్రం ఎంత రుద్దినా అంటుకోలేదు. సత్తు బిళ్ళల సంగతి సరేసరి. కొత్త రూపాయి నకిలీదని అన్నయ్య తేల్చేశాడు. వీధంతా చాటాడు కూడా. అసలు కారణం నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. పాతవి అచ్చమైన నికెల్‌వి, అయస్కాంతానికి లొంగుతాయి. 1975 నుంచి రూపాయిని రాగి మూడొంతులు, నికెల్ ఒక వంతు కలిపి వేశారు, బరువు కూడా పది గ్రాముల నుంచి ఎనిమిదికి దింపారు. ఆ మిశ్రమం అంటుకోదు. స్టీలు బిళ్ళలు వచ్చాక మళ్ళీ అంటుకోవడం మొదలైంది. కృష్ణ కింద అయస్కాంతం తాళ్ళు పట్టిన పిల్లలకి మధ్యలో ఓ పదిహేనేళ్ళు కరువుకాలం నడిచి ఉండాలి.

*

కమలం బిళ్ళల మీద నాకు హక్కు లేదు. అవి అమ్మవి.

1968 నుంచి నాలుగేళ్ళ పాటు వేశారు వాటిని. ఇత్తడిలా పచ్చగా మెరిసేవి. వాటిలో బంగారం కలిపారని ఊళ్ళో ఓ పుకారు. ఉంగరాలు చేయించుకున్నవాళ్ళూ ఉన్నారు. మా వీధి కంసాలి నవ్వుతూ, "బంగారమైతే నేనీ కుంపటి ముందెందుకు కూర్చుంటానమ్మా" అనేవాడు. పుకారు సంగతి ఎలా ఉన్నా ఆడవాళ్ళు వాటిని వదల్లేదు. లక్ష్మీదేవికి కమలం ఇష్టం. నూట ఎనిమిది బంగారు పువ్వులతో పూజ చేసే తాహతు ఎవరికుంది? నూట ఎనిమిది ఇరవై పైసల బిళ్ళలంటే ఇరవై ఒక్క రూపాయల అరవై పైసలు. అది కూడా ఒక్కసారిగా కాదు, ఏళ్ళ తరబడి, ఒక్కొక్కటే.

అమ్మ కూడా నాన్న షరతుకి లోబడే ఉండేది. పాల డబ్బుల్లోంచి మిగిల్చిన రెండు పది పైసలు గల్లాలో వేసి, ఒక కమలాన్ని కొంగున ముడేసుకునేది. 1970లో వేసిన వాటిలో కమలం మీద సూర్యుడున్న రకం ఒకటుంది, అది ఆహార సంస్థదే. అది వస్తే అమ్మకి పెద్ద సంకటం. కమలం ఉంది కాబట్టి లక్ష్మిది, సూర్యుడున్నాడు కాబట్టి కాదు. చివరికి వాటిని వేరే మూటగట్టి రథసప్తమికి వాడింది. నాణేల వర్గీకరణ నేను మొదట నేర్చుకున్నది ఆవిడ దగ్గరే.

శ్రావణ శుక్రవారాల్లో వాటిని చింతపండుతో తోమి, ఎండలో తడిగుడ్డ మీద పరిచేది. ఎవరూ తొక్కకుండా నేను కాపలా. తర్వాత ఒక్కో నామానికి ఒక్కో బిళ్ళ, కుంకుమ అద్ది, ఇత్తడి పళ్ళెంలో. బిళ్ళ మీద బిళ్ళ పడుతున్న ఆ చప్పుడు, అమ్మ గొంతు, ఆపి ఆపి. నూట ఎనిమిది అయ్యేసరికి నాకు నిద్ర వచ్చేసేది.

*

బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం వచ్చి హైదరాబాదు చేరాక నా ఆకలికి హద్దు లేకుండా పోయింది. క్యాష్ కౌంటర్‌లో కూర్చున్నవాడికి చిల్లర సంచులు ఎదురుగా ఉంటాయి. మధ్యాహ్నం లావాదేవీలు ముగిశాక, అందరూ టిఫిను డబ్బాలు విప్పుతుంటే నేను సంచి విప్పేవాణ్ణి. నాన్న షరతు అక్కడా నడిచింది. ఒకటి తీస్తే దానికి మారు నా జేబులోంచి.

అప్పట్లో బొమ్మల రూపాయలకి ఒక ఊపొచ్చింది. 1982 ఏషియాడ్ బొమ్మ చిన్న చిల్లర దాకా దిగింది. ఇందిర పోయాక 1985లో ఆవిడ బొమ్మతో అయిదు రూపాయల బిళ్ళ వచ్చింది, అరచేతిలో పెడితే మందు బిళ్ళల డబ్బీ మూతంత ఉండేది. తర్వాత నెహ్రూ శతజయంతి, అంబేడ్కర్ శతజయంతి, రాజీవ్, క్విట్ ఇండియా యాభై ఏళ్ళు. రాజీవ్ రూపాయి వచ్చిన కొత్తలో జనం ఇంటికి తీసుకెళ్ళి దాచేసుకున్నారు, మాకు కౌంటర్‌లో చిల్లర లేక తిట్లు.

మొదట్లో ఒక్కో బొమ్మకి ఒక్కటి చాలనుకున్నాను. తర్వాత ఎవరో, బిళ్ళ ఎక్కడ అచ్చయిందో చెప్పే టంకశాల గుర్తుల గురించి చెప్పారు. అది చెప్పినవాడు నా జీవితాన్ని నాలుగింతలు చేశాడు. తేదీ కింద వజ్రం గుర్తుంటే బొంబాయి. నక్షత్రముంటే మన హైదరాబాదు. చుక్క ఉంటే నోయిడా. ఏమీ లేకపోతే కలకత్తా. పైగా 1985 ప్రాంతంలో చిల్లర కరువు తట్టుకోలేక ప్రభుత్వం విదేశాల్లో కూడా వేయించింది. ఆ ఏడాది రూపాయి మీద సన్నగా 'హెచ్' అక్షరం కనిపిస్తే అది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టినది. రూళ్ళ పుస్తకంలో గళ్ళు గీసి, ఏడాదికొక వరస, టంకశాలకొక నిలువు. ఖాళీ గడి కనపడితే ఆ రాత్రి నిద్రపట్టేది కాదు. ఇప్పుడు ఆలోచిస్తే నేను అప్పుడు నాణేల్ని చూడనే లేదు. గడుల్ని చూశాను.

సైఫాబాదులో పాత టంకశాల గోడ పక్కనుంచి బస్సు వెళ్తుంటే, కిటికీలోంచి తల బయటపెట్టి చూసేవాణ్ణి, లోపలి అచ్చు యంత్రాలు వినబడతాయేమోనని. సచివాలయం మలుపు దగ్గర హారన్లు తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత టంకశాల చర్లపల్లికి వెళ్ళిపోయింది. ఆ పాత భవనంలో ఇప్పుడు మ్యూజియం పెట్టారు. చూసొచ్చాను. అద్దాల వెనక యంత్రాలు బాగా తుడిచి పెట్టారు.

*

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్, గురువారం జుమ్మేరాత్ బజార్. పాత పుస్తకాలూ తాళాలూ గడియారాల మధ్య ఒకాయన నల్లగుడ్డ పరిచి నాణేలు పెట్టుకునేవాడు. గడ్డానికి గోరింటాకు, కంటికి వాచీలు బాగుచేసేవాళ్ళు పెట్టుకునే భూతద్దం. నా దగ్గర అదనంగా ఉన్న నెహ్రూ రూపాయలు మార్చుకుందామని తీసుకెళ్ళాను. ఒకటి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నా అరచేతిలోనే పెట్టి వేళ్ళు మడిచేశాడు.

"యే బచ్చోంకా మాల్ హై సాబ్. పిల్లల సరుకు. ఇస్కూలు పిల్లలకి ఇవ్వండి."

అని, గుడ్డ కింద నుంచి నిజాం రూపాయి తీశాడు. చార్మినారు బొమ్మ. గుమ్మంలో చిన్నగా ఏదో అక్షరం. "ఐన్" అన్నాడు. ఉస్మాన్ అలీఖాన్ పేరులోని మొదటి అక్షరం. నేను పుట్టడానికి కొన్నేళ్ళ ముందు దాకా ఈ ఊళ్ళో నడిచిన సొమ్ము. వెండి చల్లగా, బరువుగా. నా జేబులోని నెహ్రూలు ఆ క్షణాన అప్పడాల్లా అనిపించాయి.

అంతే, తిరిగిపోయాను. ఆ తర్వాత పదిహేనేళ్ళు నాకు బొమ్మల బిళ్ళల పేరు చెబితే నామోషీ. విక్టోరియా రూపాయల్లో పడ్డాను. బొంబాయిలో ఏళ్ళ తరబడి తేదీ మార్చకుండా 1862 అనే వేశారు, అసలు ఏడాది తెలియాలంటే చుక్కలు లెక్కపెట్టాలి. ఎన్ని రాత్రుళ్ళు చుక్కలు లెక్కపెట్టానో మా ఆవిడనడగాలి. ఎడ్వర్డుకి కిరీటం లేదు, బట్టతల. 1911లో వేసిన జార్జి రూపాయి మీద ఆయన మెడలో గొలుసుకున్న ఏనుగు పందిలా ఉందని గొడవై, ఆ అచ్చు ఆపి మరుసటి ఏడు ఏనుగుని సరిచేశారు. అది సంపాదించిన రోజు పొద్దున నుంచి ఆఫీసులో కనపడిన ప్రతివాడికీ ఆ పంది కథ చెప్పాను. శాతవాహనుల సీసపు నాణేలు కొన్నాను, ఏనుగు ఒకపక్క, ఉజ్జయిని గుర్తు ఇంకోపక్క. విజయనగర రాజు అచ్యుతరాయల గండభేరుండం, అంటే రెండు తలల పక్షి బొమ్మ నాణెం, కొన్నప్పుడు మాత్రం ఇంట్లో చెప్పలేదు. పండగ బోనసు దాని కింద పోయింది.

దెబ్బ కూడా తిన్నాను. 1939 జార్జి రూపాయి ఎంత అరుదో చదివి, చదివి, ఒకచోట కనపడగానే బేరం కూడా ఆడకుండా కొన్నాను. ఇంటికొచ్చి భూతద్దం పెడితే 9 అంకె కడుపులో గోరంత గీత. 1938 రూపాయి మీది 8ని చెక్కి 9 చేశారు. ఎంత ఓపిగ్గా చెక్కాడో మహానుభావుడు! అమ్మినవాడు మళ్ళీ ఆ దరిదాపుల్లో కనపడలేదు. అది ఇప్పటికీ పారెయ్యలేదు. వెండి వెండేగా.

బొమ్మల బిళ్ళల గళ్ళ పుస్తకం, వాటి సంచులు, అన్నీ మా ఆఫీసులో ఒకాయన కొడుకు అడిగితే ఇచ్చేశాను. గాంధీ రూపాయి, ఇంకో నాలుగైదు మాత్రం ఎందుకో మిగిల్చుకున్నాను. కుర్రాడు ఎగిరి గంతేశాడు. అప్పుడు నాకు కలిగింది ఔదార్యమనుకున్నాను, అసలది అహంకారం.

మధ్యలో మెరుపుల పిచ్చి ఒకటి పట్టింది. చేతులు మారని, టంకశాల నుంచి నేరుగా వచ్చిన బిళ్ళలే కావాలని. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో దాచాను. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ ప్లాస్టిక్ లోంచి ఏదో ఊరి బిళ్ళలన్నీ పచ్చగా చీమిడి పట్టినట్టయ్యాయి. దాని గురించి ఎక్కువ రాయను.

*

1990ల నుంచి బిళ్ళల తీరు మారింది. అంతకు ముందు ఏడాదికి ఒకటో రెండో బొమ్మలు. తర్వాత పదకొండు పలకల రెండు రూపాయల మీద పటేలు, సుభాష్ బోసు, చిత్తరంజన్ దాసు, అరవిందులు, శివాజీ అంటూ వరసగా. నేనప్పటికి వాటిని గల్లాలో వేసే చిల్లరగానే చూస్తున్నాను. అరవిందుల బొమ్మ ఒకరోజు కౌంటర్ మీద పడితే, ఇది ఎప్పుడొచ్చిందని పక్క సీటాయన అడిగాడు. నాకు తెలియలేదు. నాకు తెలియకపోవడం చూసి ఆయన ఆశ్చర్యపోయాడు.

2011 జూన్‌లో పావలా, దానికి లోపలి బిళ్ళలన్నీ చెల్లకుండా పోయాయి. నెల ముగిసే ముందు రోజు దాకా బ్యాంకుల్లో మార్చుకోవచ్చన్నారు. జనం పెద్దగా రాలేదు. పావలాకి అప్పటికే ఏమీ రావడం లేదు. చివరి రోజు మధ్యాహ్నం ఒక ముసలావిడ వచ్చింది. పాతచీర చింపిన మూట. కౌంటర్ మీద పెట్టి, విప్పబోయి, ముడి రాక నాకే ఇచ్చింది.

"ఎంతుందో తెలవదు నాయనా, నువ్వే సూసుకో."

సత్తు బిళ్ళలు. ఎంతకాలమైందో ఆ చప్పుడు విని. టేబులు మీద బోర్లిస్తే నాన్న చాప గుర్తొచ్చింది. పది పైసలు, ఇరవై పైసలు, స్టీలు పావలాలు, ఖడ్గమృగం బొమ్మవి. మధ్యలో ఒక పది పైసల మీద పిల్లల బొమ్మ, 1979, బాలల సంవత్సరానికి వేసినది. వేళ్ళ మధ్య ఎంత నలిగిందో, అంచు రేకులు ఒకవైపు పూర్తిగా మాసిపోయాయి. 'రాష్ట్ర్' దాకా ఉంది, మిగతా మాట లేదు.

అమ్మకందారుల లెక్కలో దాని విలువ సున్నా. అలాంటి అరిగిన దాన్ని ఏ ఆల్బమూ చేర్చుకోదు. నేను దాన్ని బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాను. ఆవిడ లెక్క తప్పుతుందేమోనని నా వేళ్ళ వైపే చూస్తోంది. మొత్తం నలభై ఏడు రూపాయల చిల్లర. ఆవిడకి నోట్లు ఇచ్చి పంపాక, మేనేజరుగారినడిగి మూట మొత్తానికి నా డబ్బు కట్టాను. "మీ పిచ్చి మళ్ళీ మొదలైందా?" అన్నారాయన. రాత్రి ఇంటికెళ్ళి, వరహాల పెట్టె తెరవకుండా, ఆ సత్తు బిళ్ళలు ఏరుతూ కూర్చున్నాను.

వాటిలో కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. ఏ ఏడాది ఏమిటో అన్నీ నోటికొచ్చు. అయినా చూడబుద్ధేసింది. గండభేరుండాన్ని అచ్యుతరాయల కాలంలో ఎవరు ఎందుకు ఖర్చుపెట్టారో నాకు తెలియదు, ఊహించుకోవాలి. బాలల సంవత్సరం పది పైసలకి ఏమొచ్చేదో తెలుసు. నాలుగు నిమ్మతొనలు. దాన్ని నేనే ఎవరికో ఇచ్చి ఉండొచ్చు. నాన్న గల్లాలోంచి వెళ్ళి, ఎన్ని ఊళ్ళు తిరిగి, ఈవిడ మూటలోకి వచ్చి ఉండొచ్చు. వచ్చిందని అనను. వచ్చి ఉండొచ్చు.

అప్పట్నుంచి అరిగిన బొమ్మల బిళ్ళలే ఏరుతున్నాను. కుర్రాడికి ఇచ్చినవి తిరిగి అడగలేదు. తోటి సేకర్తలు నవ్వుతారు, నవ్వనీ.

*

2023 ఆగస్టులో ఎన్టీఆర్ శతజయంతికి వంద రూపాయల నాణెం విడుదలైంది. రాష్ట్రపతి చేతుల మీదుగా. మన టంకశాలలోనే వేశారు. సగం వెండి. దానికోసం మా బావమరిది పొద్దున్నే వెళ్ళి వరసలో నిలబడ్డాడు, ఒకటి నాకోసం కూడా కొన్నాడు. "బావగారూ, మీరు చూడాల్సిందే" అంటూ పెట్టె తెరిచాడు. చక్కటి అచ్చు. ఎంటీవోడి ముఖంలో ఆ ఠీవి ఎక్కడికీ పోలేదు.

బాగుందన్నాను. నిజంగానే బాగుంది. కానీ దాన్ని పెట్టెలోంచి తియ్యడానికి బావమరిది ఒప్పుకోలేదు, వేలిముద్ర పడుతుందట. వంద అని దాని మీద ఉంది గానీ, వేలు పోసి కొన్నదాన్ని వందకెవరిస్తారు? ఇప్పుడు ఇలాంటివే ఎక్కువ. గల్లాలో పడకుండా పెట్టెల్లోనే పుట్టి, పెట్టెల్లోనే ఉండేవి. గాంధీ రూపాయిని ఇచ్చి బఠాణీలు కొన్నవాళ్ళున్నారు. ఈ నాణెంతో ఎవరూ ఏమీ కొనరు. అందులో తప్పేముంది అని అడిగాడు. తప్పని నేననలేదు. నాకు అంటుకోలేదు, అంతే. కొత్త రూపాయి అయస్కాంతానికి అంటుకోనట్టు.

చిల్లర బిళ్ళ చేత్తో పట్టుకుని నెల దాటింది. టీ బండి దగ్గర కూడా ఫోనే.

*

డబ్బాలో బిళ్ళలు చాప మీద పోసి లెక్కపెట్టాను. నూట ఎనిమిదీ ఉన్నాయి. విడిగా ఎర్రగుడ్డలో సూర్యుడివి ఏడు. తామర రేకుల సందుల్లో కుంకుమ ఎండి గట్టిపడిపోయింది, ఎర్రగా కూడా లేదు, ఇటికపొడి రంగు. చెయ్యి అలవాటు కొద్దీ మెత్తటి గుడ్డ కోసం వెతికింది. ఆగిపోయాను. కుంకుమ తీస్తే అది అన్నిచోట్లా దొరికే ఇరవై పైసల బిళ్ళే.

నా ఆల్బములో ఈ బిళ్ళకి నాలుగు గడులున్నాయి. ఏడాదికొకటి. నూట ఎనిమిదికి చోటు లేదు.

"అవి నాకిస్తావా మరిదీ?" అంది వదిన, కాఫీ గ్లాసు పక్కన పెడుతూ. "అత్తయ్య పోయాక వరలక్ష్మీవ్రతానికి రూపాయి బిళ్ళలతో కానిచ్చేస్తున్నాం. కోడలు అడుగుతోంది, మామ్మగారి పువ్వులు ఏమయ్యాయని."

"నీవే వదినా. నావెప్పుడు?"

"అలా కాదులే. ఊరికే తీసుకోకూడదు" అని, పోపుల డబ్బాలోంచి ఇరవై రెండు రూపాయలు తీసి నా ముందు పెట్టింది. నలభై పైసలు ఎక్కువయిందంటే, ఉంచుకోమంది.

అన్నయ్య ఆటో వచ్చిందని గుమ్మంలోంచి కేకేశాడు. డబ్బాలో వేసే ముందు ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి తేదీ కింద గుర్తు చూశాను. నక్షత్రమా, వజ్రమా, ఏమీ లేదా. నూట ఎనిమిదీ అలా చూసేసరికి ఆటోవాడు రెండుసార్లు హారను కొట్టాడు.